సహకాపరి నమ్మకద్రోహం చేసి తిరిగొస్తే పాత బాధ్యత ఇవ్వాలా?

చర్చ నిర్వాహకుడు
అందరికీ వందనాలు. ఒక స్వతంత్ర సంఘం అనుకోండి. సహకాపరి (పాస్టర్ గారికి తోడుగా ఉండే రెండో పాస్టర్) మందిర నిర్మాణ కానుకలు తన సొంత ఫోన్‌పే నంబరుకు వేయించుకుని కొంత వాడుకున్నాడు. లెక్క అడిగితే రెండు కాటేజీ ప్రార్థనల (ఇళ్ళల్లో జరిగే కూటాల) కుటుంబాల్ని వెంటబెట్టుకుని వేరే కూటం పెట్టాడు. ఇప్పుడు వచ్చి క్షమాపణ అడిగాడు. ఆదివారం ఆరాధనలోనే పాస్టర్ గారు క్షమించానన్నారు. పెద్దల్లో సగంమంది పాత స్థానం ఇచ్చెయ్యమంటున్నారు. మీరేమంటారు?

కృష్ణా_సంఘపెద్ద
ఇవ్వాలి. పేతురు ముమ్మారు ఎరగనన్నాడు, ప్రభువు ముమ్మారు అడిగి గొర్రెల్ని అప్పగించాడు (యోహాను 21). గడువులేమీ పెట్టలేదు. కొరింథులో తప్పు చేసినవాడు దుఃఖంలో మునిగిపోతాడేమోనని, ఇక చాలు ఆదరించండని పౌలే రాశాడు (2 కొరింథీ 2:6-8). క్షమించాం గానీ దూరంగా కూర్చో అంటే అదేం క్షమాపణ?

లెక్కల_మాస్టారు
పెద్దాయనా, పేతురు భయంతో బొంకాడు, డబ్బుసంచి ముట్టలేదు. ఇక్కడ చూడాల్సింది పన్నులు వసూలు చేసే జక్కయ్యను. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగిస్తానన్నాడు (లూకా 19:8).

మొదట మొత్తం ఎంతో తేలాలి. ఆ నంబరుకు కలిపిన బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్, మొదటి కానుక పడ్డ నెల నుంచి చివరిదాకా. దాన్ని రసీదు పుస్తకం కౌంటర్‌ఫాయిల్స్‌తో, ఇటుక, సిమెంటు బిల్లులతో సరిచూడాలి. పెద్దల కమిటీలో లేని సభ్యుడొకరు, బయటి ఆడిటర్ ఒకరు కూర్చోవాలి. ఇది కాకముందే క్షమాపణ ప్రకటిస్తే ఏమవుతుందో చాలా సంఘాల్లో చూస్తున్నదే. నాలుగు నెలలకు ఇంకో రసీదు బయటపడుతుంది, ఈసారి పాస్టర్ గారు కూడా కలిసే తిన్నారంటారు.

తేలిన మొత్తానికి రాతపూర్వక ఒప్పుకోలు, వాయిదాలు. సంఘం ఖాతాకు బ్యాంకు ద్వారానే రావాలి, చేతికి నగదు వద్దు. గౌరవ వేతనంలో కోసుకుందాం అంటారు కొందరు. అలా చేస్తే దొడ్డిదారిన ఉద్యోగం ఇచ్చినట్టే.

ఇంకొకటి. అందులో విదేశీ పౌరుల డబ్బుంటే అది పెద్దలు క్షమించి వదిలేసే విషయం కాదు. విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) 2020 సవరణ తర్వాత విదేశీ విరాళం ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచిలోని ఎఫ్‌సీఆర్‌ఏ ఖాతాకే మొదట రావాలి. కువైట్‌లో పనిచేసే మన అక్కలు భారత పాస్‌పోర్టుతో, సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపేది ఆ లెక్కలోకి రాదు. రెండూ విడదీసి రాయండి.

మరియమ్మ_బల్ల
అసలు పాస్టర్ గారొక్కరే ఎలా క్షమించేశారు? ఆ డబ్బు మిరపకోతలకెళ్ళి వచ్చిన కూలిలోంచి తీసి వేసింది. తన మనసుకు తగిలిన గాయాన్ని ఆయన క్షమించొచ్చు. సంఘం సొమ్ము సంగతి సంఘమే తేల్చాలి.

ఎంత పోయింది, ఎంత తిరిగొచ్చింది, అతను ఏ పనులు చెయ్యకూడదు, ఈ మూడూ సంఘ కూటంలో చదవాలి. తప్పు చేసినవాడితో ముందు ఒంటరిగా మాట్లాడమన్న మత్తయి 18 చూపించి గుట్టుగా ఉంచమంటారు. పెద్దల విషయంలో వేరే మాటుంది. ఇద్దరు ముగ్గురు సాక్షులుంటేనే నేరారోపణ వినాలి, తప్పు నిజమైతే అందరి ఎదుటే గద్దించాలి (1 తిమోతి 5:19-20). ఇందులో మొదటి సగం అతనికి కూడా రక్షణే.

కృష్ణా_సంఘపెద్ద
సరే, లెక్క తేలాలి, ఒప్పుకుంటా. కానీ ఈ గడువులూ షరతులూ చివరికి పెద్ద పాస్టర్ చేతిలో కర్ర అవుతాయి. ద్రోహం జరిగాక వాళ్ళేం చేస్తారో చూడలేదా? చెక్కుబుక్కు భార్య చేతికి, ప్రసంగం కొడుక్కి, వాట్సాప్ గ్రూపులో అడ్మిన్ తప్ప ఎవరూ మాట్లాడకూడదు, కాటేజీ మీటింగుకో వేగులవాడు. తప్పు చేసింది ఒకడు, అనుమానం అందరిమీదా.

దోర్నకల్_సెమినరీ
ఈ చర్చలో అసలు మాట ఇదే. మోసపోయిన కాపరి అంతా గుప్పిట్లో పెట్టుకుంటే మిగతావాళ్ళ నమ్మకమూ పోతుంది. ఖాతాకు ఇద్దరి సంతకాలు, ఆ ఇద్దరూ ఒకే కుటుంబం కాకూడదని సొసైటీ బైలాలో రాసుకోవాలి, పాస్టర్ గారి కుటుంబానికీ అదే వర్తించాలి. కానుకలు బంధుత్వం లేని ఇద్దరు లెక్కించి, ఏ నోటు ఎన్నో రాసి సంతకం పెట్టి, మర్నాడు బ్యాంకులో వెయ్యాలి. పౌలు కూడా చందా విషయంలో తనమీద మాట రాకుండా తోడు మనుషుల్ని పెట్టుకున్నాడు (2 కొరింథీ 8:18-21).

ఇక తిరిగి నిలబెట్టేది ఎవరు? మోసపోయినవారు కాకూడదు. సేవ మధ్యలో వదిలి వెళ్ళిన మార్కును పౌలు వద్దన్నాడు, బర్నబా కుప్రకు తీసుకెళ్ళాడు. ఏళ్ళ తర్వాత అదే పౌలు అతన్ని వెంటబెట్టుకు రమ్మన్నాడు (2 తిమోతి 4:11). సీఎస్ఐలో (దక్షిణ ఇండియా సంఘంలో) అయితే డయాసిస్ (బిషప్ గారి కింది ప్రాంతం) బదిలీ చెయ్యగలదు. స్వతంత్ర సంఘానికి ఆ వెసులుబాటు లేదు కాబట్టి ఊళ్ళో పాస్టర్స్ ఫెలోషిప్‌లో ఇద్దరిని అడగాలి, నెలకోసారి కలిసి పెద్దలకు రాసి ఇచ్చేలా.

క్రమం ఇలా ఉంటే మేలు. మొదట ఏ పనీ లేకుండా సభ్యుడిగా కూర్చోవడం. సగం అప్పు తీరాక ఇంకొకరి తోడుతో ఇళ్ళ సందర్శన. మొత్తం తీరాక కాటేజీ ప్రార్థన. పుల్‌పిట్ చివర. కానుకల సంచి మాత్రం ఎప్పటికీ వద్దు.

కృష్ణా_సంఘపెద్ద
ఎప్పటికీ అనడానికి వాక్యం ఎక్కడుంది?

దోర్నకల్_సెమినరీ
ఆజ్ఞ లేదు. సంఘ చరిత్ర ఉంది. క్రీ.శ. 325 నాటి నైసియా బిషప్పుల సభ 11వ కానన్ (సంఘ నియమం), బలవంతం లేకుండానే విశ్వాసం వదిలినవారికి 3 ఏళ్ళు, 7 ఏళ్ళు, 2 ఏళ్ళుగా మెట్లు పెట్టి తిరిగి ప్రభువు బల్ల దగ్గరికి చేర్చింది. 10వ కానన్ మాత్రం, అలా జారినవారు తర్వాత సేవకుడిగా అభిషేకం పొంది ఉంటే తెలియగానే తీసెయ్యమంది. సహవాసం ఒకటి, పదవి ఇంకొకటి. పన్నెండేళ్ళు మనకు మరీ ఎక్కువే, ఆ తేడా మాత్రం పనికొస్తుంది.

మరియమ్మ_బల్ల
అతని ఇంటి సంగతి ఎవరూ ఎత్తలేదు. గౌరవ వేతనం ఒక్కసారిగా ఆపితే అద్దెకూ పిల్లల ఫీజుకూ దారిలేక వచ్చే నెలే ఇంకో కూటం పెడతాడు, అప్పూ తీరదు. కనీసం 3 నెలలు సగం మొత్తం సహాయంగా ఇవ్వండి, జీతంగా కాదు. ఈలోగా పని వెతుక్కోవాలి.

వెళ్ళిపోయిన కుటుంబాల దగ్గరికి అతన్ని పంపొద్దు, పాస్టర్ గారూ ఒంటరిగా వెళ్ళొద్దు. స్త్రీల సమాజం నుంచి ఇద్దరు, పెద్ద ఒకరు వెళ్ళండి. తిరిగి రమ్మనకండి. వాళ్ళు వేసిన డబ్బు లెక్క కాగితం చేతికివ్వండి, అడిగినవాటికి జవాబు చెప్పండి.

లెక్కల_మాస్టారు
ఆ పాత క్యూఆర్ స్టిక్కర్ మందిరం గోడమీద ఇంకా ఉందేమో చూడండి. పాత క్యాలెండర్లమీద, సభల కరపత్రాలమీద అదే నంబరుంటుంది. అలవాటుగా వేసేవాళ్ళు ఇంకా దానికే వేస్తుంటారు.