‘క్షేత్రోద్గారం’ అనే మాట, దాని పక్కన ‘మొన’

చేతిలో ఇమిడే ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుల గురించి వ్యాసం రాస్తున్న మిత్రులు, ఫీల్డ్ ఎమిషన్‌ను, అంటే బలమైన విద్యుత్ క్షేత్రం వల్ల లోహం నుంచి ఎలక్ట్రాన్లు వెలువడడాన్ని, క్షేత్రోద్గారం అనవచ్చునా, అవి వెలువడే లోహపు చివరను, అంటే టిప్‌ను, కొన అనాలా మొన అనాలా అని అడిగారు.

మొదటిది అనవచ్చును, అయితే ఒక వాక్యం వివరణ జోడించడం మంచిది. ఉద్గారమంటే నిఘంటువుల్లో త్రేన్పు, వెళ్లగక్కడం. సుమారు 2,700 కెల్విన్‌ల దాకా కాగిన టంగ్‌స్టన్ తీగ నుంచి ఎలక్ట్రాన్లు వెలువడడానికి ఈ అర్థం చక్కగా పొసగుతుంది. క్షేత్రోద్గారంలో వేడి ప్రమేయం లేదు. విద్యుత్ క్షేత్రం మీటరుకు కొన్ని వందల కోట్ల వోల్టులకు చేరినచోట లోహం అంచున ఉండే అవరోధం పలుచబడి, ఎలక్ట్రాన్ దాని మీదుగా ఎక్కకుండానే అవతల తేలుతుంది. దీని సిద్ధాంతాన్ని 1928లో భౌతిక శాస్త్రవేత్తలు ఫౌలర్, నార్డ్‌హైమ్ ఇచ్చారు. శాస్త్రంలో మాట స్థిరపడింది కనుక దాన్ని మార్చబూనడం అనవసరం.

రెండో ప్రశ్నే నాకు ముఖ్యంగా తోస్తున్నది. కొన అంటే చివర మాత్రమే, మొన అంటే పొడిచే చివర. అంతటి క్షేత్రం పోగుపడేది వాడి వల్లనే కాబట్టి ఇక్కడ మొన అనడమే సరి. ఇలాంటి మొనలను తయారుచేయడానికి 1968లో చార్లెస్ స్పిండ్ట్ అనే పరిశోధకుడు ప్రకటించిన పద్ధతి చూడండి: అడుగున వాహక పలక, నడుమ విద్యుత్తును పారనివ్వని బంధక పొర, పైన గేట్ అనే లోహపు పొర, అందులో మైక్రాన్ ప్రమాణంలో ఒక రంధ్రం. పలకను తిప్పుతూ మాలిబ్డినం ఆవిరిని పైనుంచి పట్టిస్తే రంధ్రపు నోరు అంతకంతకూ మూసుకుపోతుంది, లోపల చేరే లోహం అంతకంతకూ సన్నబడుతూ శంకువుగా పెరుగుతుంది, నోరు పూర్తిగా పూడుకునే సరికి శంకువు మొనదేలుతుంది. వోల్టేజి ఇచ్చే గేట్ మొనకు అంత దగ్గరగా ఉండడం వల్ల వేల వోల్టులు అక్కరలేదు, వంద వోల్టుల ప్రాంతంలోనే ఎలక్ట్రాన్ల ప్రవాహం మొదలవుతుంది; కాచే తీగ కూడా లేనందున పరికరాన్ని కుదించడానికి ఈ ఎలక్ట్రాన్ మూలం ఎంతో అనువైనది.

పరికరంలోని గాలిని తీసేసి కల్పించే శూన్యం చాలకపోతే మిగిలిన వాయువుల అయాన్లు (విద్యుదావేశం పొందిన కణాలు) వచ్చి తగిలి మొనను పాడుచేస్తాయి. దానికి ‘క్షీణత’ వంటి పెద్దమాట ఎందుకు, ‘మొద్దుబారడం’ ఉండనే ఉంది. గేట్‌ను మాత్రం ద్వారమనో కవాటమనో మార్చకుండా గేట్‌గానే ఉంచండి.