‘మిస్‌బ్రాండెడ్’ మందుకి తెలుగు మాట?

విజయనగరం నుంచి: డ్రగ్ ఇన్‌స్పెక్టర్లు ఎక్కడ దాడి చేసినా మన పేపర్లలో ‘నకిలీ మందుల పట్టివేత’ అనే హెడ్డింగే వస్తోంది. 1940 నాటి మందుల చట్టం మాత్రం మిస్‌బ్రాండెడ్, అడల్టరేటెడ్, స్పూరియస్ అని మూడు రకాలు చేసింది. చివరి రెండింటికీ కల్తీ, నకిలీ ఉన్నాయి. మొదటిదానికి ఏమనాలి? ‘తప్పుడు ముద్ర’ అంటే నాకు తూనికల వాళ్లే గుర్తొస్తున్నారు.

చీపురుపల్లి నుంచి: ‘తప్పుడు లేబుల్’ అనేస్తే పోలేదా మాస్టారూ?

సోంపేట నుంచి: పోదండీ. అలాగంటే ఒక సీసా చీటీ ఇంకో సీసాకి అంటించినట్టుంటుంది. ఇక్కడ చీటీ ఆ సీసాదే, లోపలి పొడి కూడా చీటీలో చెప్పిన మొక్క వేరుదే కావచ్చు. దానిమీద రాసిన మాటే అబద్ధం. కిడ్నీ జబ్బుల మా ఉద్దానంలో రక్తపరీక్షలో క్రియాటినిన్ పెరిగిందని, అంటే కిడ్నీ సరిగా పనిచేయట్లేదని తెలిస్తే చాలు, పలాస ఆసుపత్రికి బయల్దేరేలోపే నలుగురు నాలుగు కషాయాలు చెబుతారు. ఒక పొట్లం మీద ‘డయాలసిస్ అక్కర్లేదు, గ్యారంటీ’ అని ఎర్రక్షరాలతో ఉంది. లైసెన్సు నంబరు లేదు, బ్యాచ్ లేదు, తయారైన తేదీ లేదు. అవి వేయకపోయినా, చీటీ మీద బొంకినా మిస్‌బ్రాండెడే. దీన్ని ‘నకిలీ కిడ్నీ మందు’ అని రాశారనుకోండి, మా వీధి పెద్దాయన అడిగే మొదటి ప్రశ్న, ‘మరి అసలుది ఎక్కడ దొరుకుతాది బావూ?’ నకిలీ అన్నాక అసలు ఉండాలి కదా! అందుకే నా ఓటు ‘బొంకు చీటీ మందు’కి.

రాజాం నుంచి: బొంకు బాగుంది గానీ కోర్టు కాగితాల్లో నిలబడుతుందా? అసలు తెలుగు చేయడం ఎందుకు? రోగాలు నయం చేస్తామనే ప్రకటనల్ని ఆపడానికి 1954లో వచ్చిన మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఇంగ్లీషులోనే ‘మంత్ర’, ‘కవచ’ అని మన మాటలు పెట్టుకుంది. మనమూ మిస్‌బ్రాండెడ్ అని ఉంచేసుకుందాం. అన్నట్టు, ఆ చట్టం లెక్కలో లేబులూ, పైన చుట్టిన కాగితమూ ప్రకటనలే. పక్షవాతం, షుగరు, కిడ్నీలో రాళ్లు నయం చేస్తామని పొట్లం మీద అచ్చేసినా కేసే.

సోంపేట నుంచి: కోర్టు వాళ్లు ఏదైనా రాసుకోనివ్వండి. సంతలో పొట్లం కొనేవాడికి మిస్‌బ్రాండెడ్ అంటే అదేదో కంపెనీ పేరనుకుంటాడు.

టెక్కలి నుంచి: ‘బొంకు మందు’ చాలు. చీటీ తీసేయండి, హెడ్డింగులో చోటు కలిసొస్తుంది.