అప్‌డేట్: ఆహ్వానపత్రంలో పేర్ల ముందు ఏ బిరుదు?

అమలాపురం సభకు వచ్చే నలుగురినీ 'కవి' అని వేసేస్తే సరిపోతుందా అని అడిగాను కదా. సరిపోదని తేలింది. ఈసరికి ప్రూఫు దిద్దేశాం.

అసలు చిక్కంతా ఆశుకవి, అవధాని (ఒకేసారి పలువురు అడిగేవాటికి పద్యాలు చెప్పేవాడు) దగ్గరే. ఆశుకవి అడగ్గానే పద్యం మొత్తం ఒక్క ఊపున చెప్పేస్తాడు. అవధానికి అలా కుదరదు. సమస్య (ఇచ్చిన పాదంతో పద్యం పూర్తి చెయ్యడం), దత్తపది (ఇచ్చిన మాటలు పద్యంలో ఇమడ్చడం), వర్ణన, నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరాలు రాకుండా చెప్పడం) ఒక్కో ఆవృత్తికి, అంటే చుట్టుకి, ఒక్కో పాదం చొప్పున నాలుగు ఆవృత్తుల్లో నడుస్తాయి. మధ్యలో అప్రస్తుత ప్రసంగి సంబంధం లేని ప్రశ్నలేసి పక్కదారి పట్టిస్తుంటాడు, చివర అన్నీ ధారణ చెయ్యాలి, అంటే గుర్తుపెట్టుకుని అప్పజెప్పాలి. అష్టావధానంలోని ఎనిమిది అంశాల్లో ఆశువు (అడగ్గానే పద్యం చెప్పడం) ఒకటి మాత్రమే. కాబట్టి అవధాని ఆశుకవి కూడా. ఆశుకవులందరూ అవధానులు కారు.

పాటల ఆయన్ని 'వాగ్గేయకారుడు' అనబోయాం. మాటా బాణీ రెండూ తనవైతేనే ఆ మాట. బాణీ వేరొకరిదట, 'గేయకవి' అని మార్చాం.

'కవియిత్రి' అని కంపోజ్ చేశారు, 'కవయిత్రి' ఒప్పు. (ఈ తప్పు ఫ్లెక్సీల మీద మరీ ఎక్కువ.)

ఇక జంటకవులకి, దివాకర్ల తిరుపతిశాస్త్రి గారూ, మన కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారూ 'తిరుపతి వేంకట కవులు' అయినట్టే, ఇద్దరికీ కలిపి ఒకే పేరు, బహువచనంలో. విడదీసి రెండు వరసల్లో వెయ్యకూడదు.