పెంపుడు జంతువు ఆటకు వచ్చే ఫిర్యాదులనూ సూచనలనూ ఎలా వేరుచేయాలి?

ప్రశ్న: కుక్కపిల్లవాళ్లం

నమస్కారం. నేనూ మా తమ్ముడూ కలిసి ఆండ్రాయిడ్ ఫోన్లకు ఒక చిన్న ఆట తయారుచేశాం. అందులో కుక్కపిల్లను పెంచాలి. వేళకు తిండి పెట్టాలి, స్నానం చేయించాలి, నిద్రపుచ్చాలి. ఆట మూసేసినా లోపల కాలం నడుస్తూనే ఉంటుంది కాబట్టి, పట్టించుకోకపోతే అది చిక్కిపోయి చివరకు చనిపోతుంది. ఆడేవారిలో ఎక్కువమంది ఇక్కడి బడిపిల్లలు, వాళ్ల అమ్మలు. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాలు కూడా కొన్ని ఉన్నాయి.

ఇప్పుడు ప్లే స్టోర్ రివ్యూల్లో, వాట్సాప్ గ్రూపులో, మెయిల్‌లో రోజూ ఏదో ఒకటి వస్తోంది. "రాత్రి బాగానే ఉంది, పొద్దున లేచేసరికి చచ్చిపోయింది, మీ ఆట మోసం" అని ఒకరు రాస్తే, అది మా ప్రోగ్రాములోని లోపమో, ఆయన తిండి పెట్టడం మరిచిపోయారో ఆ ఒక్క వాక్యాన్ని బట్టి చెప్పలేకపోతున్నాం. సంక్రాంతి సెలవులకు అమెరికా నుంచి వచ్చినవారి దగ్గర్నుంచి ఇలాంటివి మరీ ఎక్కువగా వచ్చాయి. వీటితో పాటే చావు తీసేయమనీ, పిల్లిని పెట్టమనీ, కుక్క ముఖం మార్చమనీ సూచనలు వస్తున్నాయి. ఎక్కువమంది అడిగినదాన్ని ముందు చేయాలా? ఫిర్యాదు చేసినవారిని ఏయే వివరాలు అడగాలి?

జవాబు: టెస్టింగ్ గది

సంక్రాంతి మాట చెప్పి మంచి పని చేశారు, సగం ఆధారం అందులోనే ఉంది. మీ ఆట చివరిసారి తిండి పెట్టిన సమయాన్ని ఫోన్ గడియారం చూపే స్థానిక సమయంగా రాసుకుంటోందని నా అనుమానం. జనవరిలో డాలస్‌కూ హైదరాబాద్‌కూ మధ్య తేడా పదకొండున్నర గంటలు. అక్కడ విమానం ఎక్కేముందు తిండి పెట్టి, ఇక్కడ దిగాక ఆట తెరిస్తే, నిజంగా గడిచిన కాలానికి ఈ పదకొండున్నర గంటలూ అదనంగా కలుస్తాయి. ప్రయాణంలోనే సగం ఆకలితో ఉన్న కుక్కపిల్ల ఆ లెక్కకు బతకదు. ఇక్కడి నుంచి అక్కడికి వెళ్లేవారికి అదే లోపం ఎదురుదారిలో లాభంగా మారుతుంది కనుక వాళ్లెవరూ మీకు రాయరు. ఫిర్యాదులు ఒక దిక్కు నుంచే వస్తున్నప్పుడు రానివారి సంగతి కూడా ఆలోచించాలని నేను అందుకే అంటాను.

సమయాన్ని యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, భద్రపరిస్తే ఇది పోతుంది. అయితే ఇంకొకటి కూడా చూడండి. రోజువారీ బహుమతి ఉన్న ఆటల్లో పిల్లలు ఫోన్ తేదీని రేపటికి జరిపి, బహుమతి తీసుకుని, మళ్లీ వెనక్కి తెస్తారు. అప్పుడు గడిచిన కాలం సున్నా కంటే తక్కువగా వస్తుంది. ఆ అంకెను రుణసంఖ్యలు పట్టని 32 బిట్ల గడిలో దాచి ఉంటే అది ఒక్కసారిగా దాదాపు 429 కోట్ల సెకన్లుగా, అంటే 136 ఏళ్లుగా కనిపిస్తుంది. అన్నేళ్లు పస్తులున్న జంతువును ఏ ఆటైనా చంపేస్తుంది. గడిచిన కాలం సున్నాకు తగ్గకుండా, ఒక హద్దుకు మించకుండా కట్టడి చేయండి.

వివరాల విషయానికొస్తే, ఆటగాడిని ఏమీ అడగనవసరం లేకుండా ఆటలోనే "ఫిర్యాదు పంపండి" అనే బటన్ పెట్టి, ఆట వెర్షన్, ఫోన్ మోడల్, ఆండ్రాయిడ్ వెర్షన్, చివరిసారి తిండి పెట్టిన సమయం, ఆట తెరిచిన సమయం, ఆ రెండు వేళల్లోనూ ఉన్న టైమ్ జోన్, తేదీ ఆటోమేటిక్‌గా ఉందా లేదా అనేవి వాటంతటవే జతయ్యేలా చేయండి. ఆటగాడు రాయవలసింది ఏం జరుగుతుందనుకున్నాడు, ఏం జరిగింది అన్న రెండు మాటలే. పేరు, ఫోన్ నంబరు అడగకండి. మీ ఆటగాళ్లు పిల్లలు, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల సమ్మతి కోరుతుంది.

"ఆకలి వేస్తోందని నోటిఫికేషన్ రాలేదు" అన్న ఫిర్యాదులు వేరే గుంపు. ఆండ్రాయిడ్ 6 నుంచి కదలకుండా పడి ఉన్న ఫోన్ వెనకాల జరిగే పనులను వాయిదా వేస్తుంది. ఆండ్రాయిడ్ 13 నుంచి నోటిఫికేషన్లకు విడిగా అనుమతి ఇవ్వాలి. ప్రాణం మీదికి వచ్చే హెచ్చరికను నోటిఫికేషన్ మీదే ఆధారపరచడం నా దృష్టిలో సరైన పద్ధతి కాదు.

జవాబు: పాత ఆటగాడు

పైవారు లోపాల సంగతి చెప్పారు కాబట్టి నేను సూచనల వరకే రాస్తాను. ఎంతమంది అడిగారన్న లెక్క కంటే, అడగకుండానే ఆటగాళ్లు ఏం చేసుకుంటున్నారో చూడటం మేలు. 1996లో బందాయ్ కంపెనీ జపాన్‌లో విడుదల చేసిన టమగోచీ అనే చిన్న ఎలక్ట్రానిక్ పెంపుడు జంతువు బొమ్మలో ఆటను ఆపి ఉంచే బటన్ లేదు. పిల్లలు బడికి వెళ్లేముందు గడియారం సరిచేసే తెరను తెరిచి అలాగే వదిలేసేవారు. ఆ తెర మీద ఉన్నంతసేపూ జంతువుకు కాలం నడవదు. వాళ్లు ఎవరికీ సూచన రాయకుండానే తమకు కావలసినదాన్ని తయారుచేసుకున్నారు.

1999లో మొదలైన నియోపెట్స్ అనే ఇంటర్నెట్ ఆటలో జంతువు ఆకలితో ఎంత నీరసించినా చనిపోదు. పైగా నియోలాడ్జ్ అనే హోటల్లో ఆటలోని డబ్బు కట్టి కొన్ని రోజులు వదిలి వెళ్లవచ్చు, తిండి సంగతి వాళ్లే చూసుకుంటారు. మీకు "చావు తీసేయండి" అని రాసినవారిలో చాలామందికి నిజంగా కావలసింది ఈ సదుపాయమేనని నా అభిప్రాయం. పరీక్షలప్పుడు, ఊరెళ్లినప్పుడు కుక్కపిల్లను "అమ్మమ్మగారింట్లో" దింపి వెళ్లే వీలు కల్పించి చూడండి. చావు ఉండటం వల్లే తిండి పెట్టడానికి ఒక అర్థం ఉందనుకునే ఆటగాళ్లు కూడా ఉంటారు, వాళ్లు గ్రూపులో గొంతెత్తరు.

ముఖం మార్చమన్న సూచనతో మాత్రం జాగ్రత్త. 2007లో నియోపెట్స్ జంతువులకు బట్టలు తొడిగే వీలు కోసం దాదాపు అన్ని బొమ్మలనూ తిరగగీసినప్పుడు, పాత రూపంలోనే మిగిలిన కొన్ని రకాల జంతువులకు ఆటగాళ్లలో విపరీతమైన గిరాకీ ఏర్పడింది. కొత్త ముఖాన్ని కొత్త కుక్కపిల్లకు ఇవ్వండి, ఇప్పటికే పెరుగుతున్నదాని జోలికి పోకండి.

జవాబు: రివ్యూలు చదివే మనిషి

చిన్న మాట. లోపం తేలేదాకా ఆగకుండా, చనిపోయిందని రాసిన ప్రతి ఒక్కరికీ ఒకసారి విచారణ లేకుండా కుక్కపిల్లను తిరిగి ఇచ్చేయండి. ఆ పిల్లవాడికి మీ టైమ్ జోన్ లెక్కతో పని లేదు. ప్లే స్టోర్ జవాబుకు 350 అక్షరాలే పరిమితి కాబట్టి అక్కడ వాదన పెట్టుకోకుండా, ఎలా తిరిగి పొందాలో ఒక్కటి రాయండి. చేయదలచుకోని సూచనకు "పరిశీలిస్తాం" అనకండి. "ఈ ఆటలో పిల్లి రాదండి" అని చెప్పేస్తే రెండోసారి ఎవరూ అడగరు.

కుక్కపిల్లవాళ్లం

అందరికీ ధన్యవాదాలు. మీరు అనుమానించినట్టే సమయాన్ని స్థానిక సమయంగానే రాస్తున్నాం. మార్చేస్తాం. అమ్మమ్మగారిల్లు మా తమ్ముడికి బాగా నచ్చింది. ఒక సందేహం మిగిలింది: ఇప్పటికే ఫోన్లలో ఉన్న పాత ఫైళ్లలో టైమ్ జోన్ వివరమే లేదు. అప్‌డేట్ వేసుకున్న రోజున వాటిని ఎలా లెక్కించాలి?

టెస్టింగ్ గది

లెక్కించకండి. పాత ఫైలు మొదటిసారి తెరిచినప్పుడు గడిచిన కాలాన్ని సున్నాగా తీసుకుని, ఆకలిని ఆ క్షణం నుంచి యూటీసీలో మొదలుపెట్టండి. ప్రతి కుక్కపిల్లకూ కొన్ని గంటల ఆకలి తప్పుతుంది, అంతకుమించి నష్టం లేదు. పాత ఫైలును మాత్రం వెంటనే చెరపకుండా నకలుగా ఒకటి రెండు వెర్షన్ల వరకు ఉంచండి. అప్‌డేట్‌ను మొదట కొద్ది శాతం మందికే వదిలి చూసి, ఆ తర్వాతే అందరికీ ఇవ్వండి.