పనస బంక వదలట్లేదు, మిగిలింది ఎలా దాచాలి?

కొత్తకాపురం: ఎనిమిదింటికి మొదలుపెట్టాను, పదకొండు దాటింది. అత్తయ్యగారు పంపిన పనసకాయ కోశాను. చేతులకి, కత్తికి, ఆఖరికి కుళాయికి కూడా బంకే. సబ్బుతో నాలుగుసార్లు తోమినా వేళ్లు అతుక్కుంటూనే ఉన్నాయి. సగం అలాగే ఉంది. ఫ్రిజ్‌లో పెట్టొచ్చా? ఎన్నాళ్లుంటుంది?

రెండుముక్కలు: ముందు నూనె. తర్వాత సబ్బు.

గోదారిగట్టు: కాయా, పండా? అది చెప్పకుండా ఎన్నాళ్లంటే ఎలా అండీ? లేత కాయైతే పొట్టు కొట్టుకోవాలి. అదీ అందరికీ రాదు. మా ఇంట్లో పెళ్లిళ్లకి అందుకోసమే ఒకాయన వచ్చేవారు. చేతికి నూనె రాసుకుని కాయ తిప్పుతూ కత్తితో టకటకా కొడుతుంటే సన్నగా రాలేది. ఇప్పుడు కవర్లలో అమ్మేది పొట్టా? ముక్కలు! ఆవ పెట్టినా పట్టదు.

ఉద్దానం: నీళ్లు తగిలించారు, అదీ తప్పు. బంక నీళ్లకి కరగదు. కోసేముందే చేతికి, కత్తికి నూనె రాసుకోవాలి, కోశాక కారిన పాలు కాగితంతో తుడిచేయాలి. మా పెరట్లో నాలుగు చెట్లుండేవి, 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మూడు పోయాయి. పిక్కలు పారేయకండి, ఉడకబెట్టుకుని తినండి.

గోదారిగట్టు: గింజలండీ. పిక్క కాలికి ఉంటుంది.

ఉద్దానం: మాకు జీడిపిక్క, పనస పిక్క. మీ ఊళ్లో మీరు ఏమైనా అనుకోండి.

కొత్తకాపురం: సారీ, పండే. సగం చెక్క కోసి నిన్న పొద్దున బస్సులో వేశారు, ఇవాళ సాయంత్రం వరకూ వంటింట్లోనే ఉంది. చేతి మీద ఎర్రగా దద్దుర్లు కూడా వచ్చాయి.

రెండుముక్కలు: ఇది మొదటే చెప్పాల్సింది. పులిసిన వాసన ఉన్నా, జారుడుగా ఉన్నా పారేయండి. బాగుంటే తొనలు ఒలిచి గింజ తీసి, మూత బిగుతుగా ఉండే డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, లేకపోతే పాలూ పెరుగూ పనస వాసనే. రెండు రోజుల్లో తినేయండి, ఎక్కువుంటే ఫ్రీజర్‌లో. రబ్బరు గ్లౌజులు పడనివాళ్లకి పనస కూడా పడకపోవచ్చు. మీకు ఆ సమస్య ఉందా?

కొత్తకాపురం: ఉంది! ఒకసారి గ్లౌజులకి ఇలాగే వచ్చింది.

రెండుముక్కలు: అయితే తినకండి, ముట్టుకోకండి. డాక్టరుకి చూపించండి. పెదాలు వాచినా, ఊపిరి ఇబ్బందైనా వెంటనే ఆసుపత్రికి.

కొత్తకాపురం: కొబ్బరినూనెతో వదిలింది, థాంక్సండీ. మిగతాది మా ఆయన ఒలుస్తున్నారు.

గోదారిగట్టు: మరి జీడిపప్పుని జీడిపిక్క అనరేం?

ఉద్దానం: పిక్క కొడితేనే కదా పప్పు వచ్చేది!