రాగి లాభం వాళ్ళది, పొగ ఊరిది: వివియన్ల బాకీ తీరినట్టేనా?

తీరం_గాలి:
నేను వేల్స్‌లోని స్వాన్సీలో ఎమ్మెస్సీ చేస్తున్నాను. మా క్యాంపస్‌లో సింగిల్టన్ అబ్బే అని పెద్ద రాతి బంగళా ఉంది. పేరు మఠంలా ఉన్నా అది రాగి వ్యాపారుల ఇల్లు. ఇంగ్లాండ్‌లో రాగి గనులున్న కార్న్‌వాల్ నుంచి వచ్చిన జాన్ వివియన్ కుటుంబం 1810లో టావె నది ఒడ్డున హావొడ్ రాగి కార్ఖానా పెట్టింది. కొడుకు జాన్ హెన్రీ 1817లో ఈ ఎస్టేటు కొన్నాడు. మనవడు హెన్రీ హస్సీ 1893లో లార్డ్ స్వాన్సీ అయ్యాడు. మూడు తరాల్లో కొలిమి నుంచి జమీందారీకి! ఇక్కడ ఒకరు వీళ్ళను ఊరిని నిలబెట్టిన వాళ్ళంటారు, ఇంకొకరు ఊరికి విషం పెట్టిన వాళ్ళంటారు. మీరేమంటారు?

వేపచెట్టు:
మ్యాప్ తీయండి, జవాబు అందులోనే ఉంది. కార్ఖానాకి సింగిల్టన్ నైరుతి దిక్కున ఉంది. అక్కడ గాలి ఎక్కువగా వీచేది కూడా నైరుతి నుంచే. అంటే పొగ ఎక్కువగా ఆ ఇంటికి దూరంగా, కిల్వే కొండ మీదకి, లాన్‌సామ్లెట్ పొలాల మీదకి పోయేది. ఖనిజాన్ని కాల్చిన ప్రతిసారీ గంధకం, ఆర్సెనిక్ గాల్లో కలిసేవి. కొండ మీద గడ్డి కూడా మొలవలేదు. పశువులకి కీళ్ళు వాచి కుంటేవి. 1833లో రైతులు జాన్ హెన్రీ మీద కోర్టుకెక్కి ఓడిపోయారు. అయ్యగారి తోటలో మాత్రం పూలు విరగబూసేవి!

పాతపలక:
వేపచెట్టు గారూ, ఇల్లు గాలికి ఎదురు దిక్కున కట్టుకోవడం నేరమా? మీరైతే పొగలో కట్టుకుంటారా? ఆ లోయలో చాలా కంపెనీల వాటాదారులు కార్న్‌వాల్‌లోనో లండన్‌లోనో కూర్చుని డబ్బు లెక్కపెట్టుకున్నారు. జాన్ హెన్రీ ఊళ్ళోనే కాపురం పెట్టాడు. పైగా జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో గనుల చదువు చదివినవాడు. 1821లో పొగకి విరుగుడు కనిపెడితే 1000 పౌండ్లు బహుమతి అని ఊళ్ళో ప్రకటిస్తే, తన కొలిముల దగ్గరే ప్రయోగాలు చేయించాడు. వాటిని చూడటానికి మైకేల్ ఫారడే అంతటివాడు వచ్చాడు. హావొడ్‌లో కార్మికులకి ఇళ్ళు, పిల్లలకి బడి కట్టించింది కూడా ఈ కుటుంబమే.

అసలు రాగి స్వాన్సీకి ఎందుకొచ్చిందో కూడా చూడాలి. ఒక టన్ను ఖనిజం కరిగించడానికి అంతకంటే ఎక్కువ బొగ్గు కావాలి. అందుకే ఖనిజాన్నే ఓడల్లో బొగ్గు దగ్గరికి తెచ్చారు. అవే ఓడలు తిరుగు ప్రయాణంలో కార్న్‌వాల్ గనుల పంపులకి బొగ్గు మోసుకెళ్ళేవి. 1820లలో బ్రిటన్ రాగిలో 90 శాతం దాకా స్వాన్సీ చుట్టుపక్కల 20 మైళ్ళలోనే కరిగేది. వివియన్లు లేకపోతే ఇంకొకరు ఆ కొలిమి వెలిగించేవారు.

వేపచెట్టు:
"నేను కాకపోతే ఇంకొకడు" అనేది దొంగ కూడా చెప్పే మాటే సార్. ప్రయోగాలు 1820లలో. పొగలోంచి గంధకం పట్టి ఆమ్లం చేసే జర్మన్ కొలిమిని హెన్రీ హస్సీ తెచ్చింది 1860లలో. మధ్యలో నలభై ఏళ్ళు! పొగని అమ్ముకోవచ్చని తెలిశాకే దాన్ని పట్టారు. ఇంకో సంగతి. 1830ల నుంచి స్వాన్సీకి వచ్చిన క్యూబా ఖనిజాన్ని తవ్వినవాళ్ళలో బానిసలున్నారు. బ్రిటన్ తన వలసల్లో బానిసత్వం రద్దు చేశాక కూడా ఆ ఖనిజం వస్తూనే ఉంది. లోయలో బడి కట్టిస్తే ఆ పద్దు చెల్లిపోతుందా?

మామిడితాండ్ర:
ఇద్దరూ ఒక విషయం వదిలేశారు. జమీందారు అయ్యాక వ్యాపారం గాలికొదిలేస్తారని అందరూ అంటారు కదా, వీళ్ళు వదల్లేదు. జాన్ హెన్రీ అన్న రిచర్డ్ హస్సీ వాటర్లూలో గుర్రపు దళం నడిపిన జనరల్. ఆయన 1841లోనే లార్డ్ అయ్యాడు. అంటే కుటుంబంలో ఒక చేత కత్తి, ఒక చేత కొలిమి. హెన్రీ హస్సీ కూడా కార్ఖానా నడుపుతూనే పార్లమెంటుకి వెళ్ళాడు, బిరుదుకి ఆ ఊరి పేరే పెట్టుకున్నాడు. తోటల పిచ్చి ఎక్కువగా ఉన్నది క్లైన్ కోట కొన్న తమ్ముడు గ్రాహం శాఖలో. ఆ తోట ఇప్పుడు పబ్లిక్ పార్కే, రోడోడెండ్రాన్ పూలకి ప్రసిద్ధి.

కాకపోతే ఒక పొరపాటు సరిచేయాలి. "సింగిల్టన్‌ని ఊరికి దానం చేశారు" అని వాట్సాప్‌లో తిరుగుతోంది. దానం కాదు. 1919లో కార్పొరేషన్ డబ్బిచ్చి కొన్నది. 1920లో అక్కడ యూనివర్సిటీ కాలేజీ వచ్చింది. 1961లో పాడైన ఆ లోయని బాగుచేసే ప్రాజెక్టు మొదలుపెట్టింది ఎవరనుకున్నారు? ఆ కాలేజీ వాళ్ళే. యజమానుల ఇంట్లో కూర్చుని యజమానుల చెత్త ఊడ్చారన్నమాట. ఖర్చు మాత్రం వివియన్ల జేబులోది కాదు.

పాతపలక:
దానం సంగతి ఒప్పుకుంటున్నా, ఆ వాట్సాప్ మెసేజ్ నేనూ ఫార్వర్డ్ చేశాను. మిగతాదానికి కట్టుబడే ఉన్నా.

తీరం_గాలి:
ఆదివారం హావొడ్ వెళ్ళొచ్చాను. ఒక వీధి పేరు ఓడో, ఇంకోటి గ్రాహం, ఇంకోటి వివియన్, అన్నీ ఆ కుటుంబం పేర్లే. ఒకచోట గోడ పైవరసలో నల్లగా మెరిసే దిమ్మలు పేర్చి ఉన్నాయి. చెయ్యి పెడితే గాజులా నున్నగా, చల్లగా ఉన్నాయి. రాగి తీసేశాక మిగిలిన చిట్టెం పోతపోసి చేసినవట. తర్వాత కిల్వే కొండ ఎక్కాను. ఇప్పుడక్కడ చెట్లున్నాయి, అన్నీ తర్వాత నాటినవే. సింగిల్టన్ ఎటుందో చూద్దామని అటు తిరిగి నిలబడితే గాలి నేరుగా మొహానికి కొట్టింది. వేపచెట్టు గారూ, మీ మ్యాప్ కరెక్టే.