సోడియం బ్యాటరీని ‘ఉప్పు బ్యాటరీ’ అనొచ్చా?

లిథియం బదులు సోడియంతో పనిచేసే సోడియం అయాన్ బ్యాటరీకి తెలుగులో ‘ఉప్పు బ్యాటరీ’ అంటే చక్కగా ఉంటుంది కదా అని మన గుంపులో ఒకరు అడిగారు. చాలామంది సరేనన్నారు. నేను మాత్రం వద్దంటాను. మాట బాగానే ఉంది, కానీ జనాన్ని దారి తప్పిస్తుంది.

ఇక్కడ అనంతపురంలో టవర్ క్లాక్ దగ్గర ఎలక్ట్రిక్ స్కూటర్లు చూడ్డానికి వచ్చిన ఒకాయన పక్కనున్న మనిషితో ఈ బ్యాటరీ గురించి, “అది ఉప్పుతో చేస్తారంట అన్నా, నిప్పంటుకోదు” అంటుంటే విన్నాను. నాకు టెన్షన్ పుట్టింది. ఆ బ్యాటరీలో కూరలో వేసే ఉప్పు లేదు, ఉప్పునీళ్లూ లేవు. సోడియం లవణం కరిగించిన కర్బన ద్రావకం ఉంటుంది. ఆ ద్రావకం మండుతుంది. చార్జింగ్ దగ్గర లిథియం బ్యాటరీకి పడే జాగ్రత్తలన్నీ దీనికీ పడాల్సిందే. పేరులో ఉప్పు ఉందని ఎవరైనా ధీమాగా ఉంటే ఆ తప్పు పేరు పెట్టినవాళ్లదే.

మరి తెలుగు మాటే కావాలంటే? మన సీమలో ఉండనే ఉంది: చౌడు. ఊళ్లలో సౌడు అంటారు.

ఎండాకాలం చేను మీద తెల్లగా పొంగి, కాలు పెడితే పొడిపొడిగా రాలే మట్టి గుర్తుందా? ఆ మట్టి కలిపిన నీళ్లలో బట్టలు నానబెట్టి బానలో ఉడకేసేవాళ్లు చాకలివాళ్లు. మురికి వదిలించింది అందులోని సోడియం కార్బొనేటే, అంటే బట్టల సోడా. బ్యాటరీ ధన ధ్రువాల్లో చాలా రకాలను ఇనుము, మాంగనీసు లాంటి లోహాల ఆక్సైడ్లతో ఈ సోడానే కలిపి కాల్చి తయారు చేస్తారు. సోడియం గుర్తు ‘ఎన్ఏ’ కూడా నేట్రాన్ అనే మాటకు చుట్టమే. ఈజిప్టులో దొరికే ఆ నేట్రాన్ కూడా ఇదే జాతి. 1807లో హంఫ్రీ డేవీ ఈ లోహాన్ని విడదీసింది కూడా కాస్టిక్ సోడా నుంచే.

ఇంకో పోలిక ఉంది. రైతులు పాలచౌడు వేరు, కారుచౌడు వేరు అంటారు. కారుచౌడులో బంకమట్టి రేణువులను సోడియం అయాన్లు, అంటే విద్యుదావేశం ఉన్న సోడియం పరమాణువులు, పట్టుకుని ఉంటాయి. అందుకే నీళ్లు ఇంకవు. జిప్సం వేసి నీళ్లు కడితే కాల్షియం వచ్చి ఆ చోట కూర్చుంటుంది, సోడియం కిందికి కొట్టుకుపోతుంది. బ్యాటరీలోనూ చార్జింగ్ పెట్టినప్పుడు సోడియం అయాన్లు ధన ధ్రువం పొరల్లోంచి లేచి అవతలివైపు హార్డ్ కార్బన్ (బొగ్గు లాంటి ఒక రకం కర్బనం) సందుల్లో చేరతాయి. బండి నడిస్తే మళ్లీ వెనక్కి వస్తాయి. చౌడు నేల చూసిన మనిషికి ఈ సంగతి రెండు మాటల్లో ఎక్కుతుంది.

వ్యాఖ్య (కడప నుంచి): చౌడు అంటే పంట పండని నేల సార్. ఆ పేరు పెడితే బండి ఎవరు కొంటారు? పైగా సోడా తీసేది ఉప్పు నుంచే కదా?

జవాబు: రెండూ నిజమే. సోడా ఫ్యాక్టరీలో ఉప్పు, సున్నపురాయి రెండూ పడతాయి. షాపులో ‘సోడియం బ్యాటరీ’ అనే అమ్మనివ్వండి, అందులో నాకు పట్టింపు లేదు. బడిలోనో రచ్చబండ దగ్గరో అర్థమయ్యేలా చెప్పాలంటే చౌడు ఎత్తుకోండి.

వ్యాఖ్య: పేరు సంగతి సరే అన్నా, స్కూటర్‌కు పనికొస్తుందా?

జవాబు: వస్తుంది, కానీ బరువు ఉంటుంది. సోడియం పరమాణు భారం 23, లిథియానిది 7. అయాన్ కూడా పెద్దది. చైనా కంపెనీ సీఏటీఎల్ 2021లో చూపించిన సోడియం సెల్‌కు కిలో బరువుకు 160 వాట్ అవర్ల శక్తి వచ్చింది. నికెల్ రకం లిథియం సెల్స్ 200 దాటతాయి. అంటే అంతే దూరం పోవాలంటే సీటు కింద పెట్టె పెద్దదవుతుంది. ఊళ్లో తిరిగే స్కూటర్లకు, ఆటోలకు సరిపోతుందని నా నమ్మకం. చైనాలో యాడియా కంపెనీ సోడియం స్కూటర్లు ఇప్పటికే అమ్ముతోంది. రుణ ధ్రువం వైపు రాగి రేకు బదులు అల్యూమినియం రేకు చాలు, అది చవక. రాగి లేదు కాబట్టే చార్జ్‌ను పూర్తిగా సున్నాకు దించి లారీలో పంపినా సెల్ పాడవదు. లిథియం సెల్‌ను అలా వదిలేస్తే రాగి కరిగి చెడిపోతుంది.

కర్నూలు వైపు కారుచౌడుకు వేరే మాట ఏదైనా వాడతారా? తెలిసినవాళ్లు రాయండి.